ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను, ఆంప్లిఫయరు - ఎంపిక

చెవులను కప్పే గిన్నెల వెనుక భాగం మూసి ఉండకుండా, జాలీ ద్వారా గాలి, ధ్వని అటూ ఇటూ పోవడానికి వీలుగా ఉన్న హెడ్‌ఫోనును ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను అంటారు. వెనుక భాగం పూర్తిగా మూసి ఉంటే అది క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోను. ఇంట్లో కూర్చుని సంగీతం వినేవారు, కంప్యూటరు ఆటలు ఆడేవారు మొదటి రకాన్ని ఎక్కువగా ఇష్టపడతారు. హెడ్‌ఫోనుకు చాలినంత విద్యుత్ సంకేతాన్ని అందించే చిన్న వర్ధకాన్ని హెడ్‌ఫోను ఆంప్లిఫయరు అంటారు. ఈ రెండింటి ఎంపికలో ధర కంటే ముందు చూడవలసినవి మూడు: వినే గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది, హెడ్‌ఫోనుకు నిజంగా ఎంత వోల్టేజి కావాలి, చెవి ఎంత శబ్దాన్ని ఎంతసేపు భరించగలదు. ఈ మూడూ తెలిస్తే చాలామందికి విడిగా ఆంప్లిఫయరు కొనవలసిన అవసరమే రాదు.

చరిత్ర

హెడ్‌ఫోను మొదట టెలిఫోను, వైర్‌లెస్ నిర్వాహకుల పనిముట్టు. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియెల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో తయారుచేసిన హెడ్‌ఫోనులను 1910లో ఆ దేశపు నౌకాదళం కొనుగోలు చేసింది. కదిలే తీగచుట్టతో పనిచేసే డైనమిక్ హెడ్‌ఫోను డీటీ 48ను బెర్లినులో యూజెన్ బేయర్ స్థాపించిన సంస్థ 1937లో తయారుచేసింది. ఈ సంస్థే నేటి బేయర్‌డైనమిక్. సంగీతం వినడం కోసమే రూపొందిన స్టీరియో హెడ్‌ఫోనును 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ ప్రవేశపెట్టాడు. జపాను సంస్థ స్టాక్స్ 1960లో స్థిరవిద్యుత్ సూత్రంపై పనిచేసే హెడ్‌ఫోనును విపణిలోకి తెచ్చింది.

ఆ కాలపు హెడ్‌ఫోనులు సాధారణంగా బరువైనవి, మూసినవి. 1968లో జర్మనీ సంస్థ సెన్‌హైజర్ విడుదల చేసిన హెచ్‌డీ 414 ఈ పద్ధతిని మార్చింది. వెనుక భాగం తెరచి ఉండి, పసుపుపచ్చని స్పాంజి దిండ్లతో, చాలా తేలికగా ఉన్న ఈ నమూనా కోటికి పైగా అమ్ముడుపోయింది. ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనుల చరిత్ర దీనితోనే మొదలయిందని చెబుతారు. 1979లో సోనీ విడుదల చేసిన వాక్‌మన్‌తో పాటు వచ్చిన స్పాంజి హెడ్‌ఫోను కూడా తెరచిన రకానికే చెందుతుంది. కనుక గల్ఫ్ దేశాల నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన వాక్‌మన్‌లో పాటలు విన్న తెలుగువారికి ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను ఆ పేరు తెలియక ముందే పరిచయం.

పనిచేసే విధానం

డైనమిక్ హెడ్‌ఫోనులో ఒక పలుచని డయాఫ్రం, దానికి అంటించిన తీగచుట్ట, ఒక శాశ్వత అయస్కాంతం ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా డయాఫ్రం ముందుకూ వెనుకకూ కదులుతుంది. ముందు వైపు గాలిలో పుట్టిన తరంగం చెవిని చేరుతుంది. అదే క్షణంలో వెనుక వైపు దానికి వ్యతిరేక దశలో మరొక తరంగం పుడుతుంది. ఈ రెండవ తరంగాన్ని ఏం చేయాలన్నదే హెడ్‌ఫోను నిర్మాణంలో ముఖ్యమైన ప్రశ్న.

మూసిన గిన్నెలో ఆ తరంగం గోడలకు తగిలి, కొంత తిరిగి వచ్చి డయాఫ్రంను తాకుతుంది. గిన్నె లోపలి గాలి కొన్ని పౌనఃపున్యాల వద్ద అనునాదం చెందుతుంది. ఖాళీ బిందెలో మాట్లాడితే గొంతు మారినట్లు వినిపించడానికి కారణమైన ధర్మమే ఇది. మంచి క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోనులో ఈ దోషాన్ని దూది, నురుగు వంటి పదార్థాలతో తగ్గిస్తారు కాని, అందుకు శ్రమ, ఖర్చు ఎక్కువ. ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులో వెనుక తరంగం జాలీ గుండా బయటికి పోతుంది. తిరిగి వచ్చేది తక్కువ కనుక స్వరాలు విడివిడిగా, తేటగా వినిపిస్తాయి. ధ్వని తల లోపల ఇరుక్కున్నట్లు కాక కొంత బయట, విశాలంగా పరచుకున్నట్లు అనిపిస్తుంది.

ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. వెనుక తరంగం స్వేచ్ఛగా తిరుగుతుంది కనుక బాగా తక్కువ పౌనఃపున్యాల వద్ద అది ముందు తరంగాన్ని కొంత రద్దు చేస్తుంది. ఈ కారణంగా చాలా ఓపెన్-బ్యాక్ డైనమిక్ హెడ్‌ఫోనులలో సుమారు 50, 60 హెర్ట్జ్‌ల కంటే దిగువన మంద్రధ్వని క్రమంగా తగ్గిపోతుంది. డయాఫ్రం మొత్తం మీద తీగలు పరచి, రెండు వైపులా అయస్కాంతాలు అమర్చిన ప్లానార్ రకం హెడ్‌ఫోనులలో ఈ లోటు తక్కువ. అయితే అవి సాధారణంగా బరువెక్కువ.

వినే చోటు

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను బయటి శబ్దాన్ని దాదాపు ఏమాత్రం ఆపదు. లోపలి శబ్దాన్నీ బయటికి వదిలేస్తుంది. పక్కన కూర్చున్న వారికి పాట సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఎంపిక హెడ్‌ఫోనుతో కాక గదితో మొదలుకావాలి.

నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారి ఈ మండల కేంద్రం గుండా పోతుంది. రోడ్డు వైపు గదిలో పగలంతా లారీలు, బస్సుల రొద ఉంటుంది. ఈ రొదలో ఎక్కువ భాగం తక్కువ పౌనఃపున్యాలలోనే ఉంటుంది. ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను బలహీనంగా ఉండేది కూడా అక్కడే కనుక తబలా డగ్గా, మృదంగపు తొప్పి, బేస్ గిటారు వంటివి ముందుగా మరుగున పడిపోతాయి. రాత్రి పదింటి తరువాత, లేదా పెరటి వైపు గదిలో అదే హెడ్‌ఫోను పూర్తిగా వేరొక వస్తువులా అనిపిస్తుంది.

ఎండాకాలంలో మరొక చిక్కు ఉంది. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల వరకు పోతుంది. అప్పుడు కూలరు లేకుండా గదిలో కూర్చోవడం కష్టం. దగ్గరగా పెట్టుకున్న కూలరు రొద ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే స్థాయికి, అనగా 60 డెసిబెళ్ళ దరిదాపులకు చేరుతుంది. ఆ రొద మీద పాట వినిపించాలని మనిషి తెలియకుండానే ధ్వని పెంచుతాడు. మరోవైపు, చెవులకు చెమట పట్టని హెడ్‌ఫోను కావాలంటే తెరచిన రకమే మేలు. గిన్నె లోపలి వేడి జాలీ గుండా పోతుంది. తోలు వంటి దిండ్ల కంటే మఖమల్ దిండ్లు చల్లగా ఉంటాయి. కనుక వేసవిలో తెరచిన రకం సుఖం, కూలరు దానికి శత్రువు. కూలరును దూరంగా జరపడం, వేగం తగ్గించడం, వినే సమయం మార్చుకోవడం వంటి ఖర్చు లేని ఉపాయాలను ముందు ప్రయత్నించాలి.

దుమ్ము విషయంలోనూ జాగ్రత్త అవసరం. కమ్మర్‌పల్లి, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు పసుపు పంటకు పేరుపొందినవి. కొమ్ములను ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టే రోజుల్లో సన్నని పొడి గాలిలో తేలుతుంది. జాలీ గుండా లోపలికి చేరిన పొడి, వెంట్రుక డయాఫ్రంను తాకితే గరగర వినిపిస్తుంది. వాడనప్పుడు హెడ్‌ఫోనును పలుచని గుడ్డ సంచిలోనో పెట్టెలోనో ఉంచితే ఈ ఇబ్బంది ఉండదు.

విద్యార్థుల వసతి గృహాలలో, బస్సులో, రైలులో, గ్రంథాలయంలో ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోను పనికిరాదు. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాదులోనో చదువుతూ ముగ్గురు నలుగురితో గది పంచుకునే విద్యార్థికి క్లోజ్డ్-బ్యాక్ రకమే తగినది. ఇది నాణ్యతలో రాజీ పడడం కాదు. రొదలో వినే ఓపెన్-బ్యాక్ కంటే నెమ్మదిగా వినే క్లోజ్డ్-బ్యాక్ చెవికి స్పష్టంగానూ, క్షేమంగానూ ఉంటుంది. ఇంట్లో చిన్న పిల్లలు, వృద్ధులు ఉన్నవారికి మాత్రం తెరచిన రకంలో ఒక లాభం ఉంది. పిలిస్తే వినిపిస్తుంది.

సంగీతానికి

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. వయసుతో పాటు పై హద్దు తగ్గుతుంది. సంగీతంలో మూలస్వరాలు ఈ పరిధిలో దిగువ భాగంలోనే ఉంటాయి. ఒకటి శ్రుతి షడ్జమం 261.6 హెర్ట్జ్‌లు, పురుష గాయకులు పాడే షడ్జమం సాధారణంగా దానికి ఒక స్థాయి కింద, 130.8 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. తంబురాను వీణ నుంచి, వీణను వయొలిను నుంచి వేరుచేసి గుర్తించేలా చేసేవి మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, అలా పైకి పోయే అనుస్వరాలు. హెడ్‌ఫోను ఈ అనుస్వరాల నిష్పత్తిని మార్చకుండా వినిపిస్తే వాద్యం సహజంగా ఉన్నట్లు తోస్తుంది.

హెడ్‌ఫోనును పరీక్షించడానికి తెలుగు పాట మంచి సాధనం. శ, ష, స అక్షరాల ఊష్మధ్వని ఎక్కువగా 5,000 నుంచి 8,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. కొన్ని హెడ్‌ఫోనులు ఈ ప్రాంతాన్ని ఎత్తి చూపుతాయి. కొనేటప్పుడు అయిదు నిమిషాలు వింటే అది స్పష్టతలా అనిపిస్తుంది. గంట వింటే ప్రతి 'స'కారమూ చెవిని పొడుస్తుంది. అందువల్ల బాగా పరిచయమైన గొంతు ఉన్న పాటను, తక్కువ ధ్వనితో, కనీసం అరగంట విని నిర్ణయించడం మంచిది.

విశాలత అన్నది హెడ్‌ఫోను ఒక్కటే ఇచ్చే గుణం కాదు, రికార్డింగులో ఉన్నదే వినిపిస్తుంది. 1957లో విడుదలయిన మాయాబజార్ వంటి చిత్రాల పాటలు ఒకే చానెల్‌లో రికార్డయినవి. ఎంత ఖరీదయిన ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులోనైనా అవి తల మధ్యలోనే వినిపిస్తాయి. ఎఫ్.ఎం. రేడియో ప్రసారంలో 15,000 హెర్ట్జ్‌ల పైన ఉన్న ధ్వని ఉండదు. తక్కువ బిట్‌రేటులో కుదించిన ఎంపీ3లో తాళపు మోత, చప్పట్లు చెదిరినట్లు వినిపించవచ్చు. పాత పాటలు, రేడియో మాత్రమే వినేవారు ఖరీదయిన హెడ్‌ఫోను మీద పెట్టే ఖర్చును ఒకసారి ఆలోచించుకోవాలి. దోషాలు లేని మంచి ప్రతి ఎక్కువ మేలు చేస్తుంది.

ఆటలకు

శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియడం తుపాకీ ఆటలలో గెలుపోటములను నిర్ణయిస్తుంది. ధ్వని దిక్కును మెదడు మూడు ఆధారాలతో గుర్తిస్తుంది: రెండు చెవులకు చేరే సమయంలో తేడా, తీవ్రతలో తేడా, చెవి డొప్ప ఆకారం వల్ల ధ్వనిలో వచ్చే మార్పు. మొదటి రెండు కుడి ఎడమలను చెబుతాయి. ముందు వెనుకలు, పైన కిందులు తెలియడానికి మూడవది కావాలి. ఆట సాఫ్ట్‌వేరు ఈ మార్పులను గణించి రెండు చానెళ్ళలోనే కలిపి పంపుతుంది. కాబట్టి చెవికి ఒకటి చొప్పున ఉన్న మామూలు స్టీరియో హెడ్‌ఫోను చాలు. 7.1 అని పెట్టె మీద రాసి ఉన్న గేమింగ్ హెడ్‌సెట్లలో చాలావరకు ఉన్నవీ రెండు స్పీకర్లే. ఆటలోనూ, హెడ్‌సెట్‌లోనూ రెండు చోట్లా ఈ మార్పును చేయిస్తే దిక్కులు తారుమారవుతాయి.

ఆటగాళ్ళు గమనించవలసినది మరొకటి, ఆలస్యం. బ్లూటూత్‌లో సాధారణ పద్ధతిలో ధ్వని చేరడానికి సెకనులో పదోవంతు కంటే ఎక్కువ పట్టవచ్చు. తీగ ద్వారా ఈ ఆలస్యం ఉండదు. మేలురకం ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులు సాధారణంగా తీగతోనే వస్తాయి కనుక ఇది వాటికి కలిసివచ్చే విషయం. వీటిలో చాలావాటికి మైకు ఉండదు. విడిగా మైకు కొనవలసి ఉంటుంది. హెడ్‌ఫోను నుంచి బయటికి వచ్చే ధ్వని మైకులో పడకుండా దాన్ని నోటికి దగ్గరగా, తక్కువ సున్నితత్వంతో అమర్చుకోవాలి. మాట్లాడేటప్పుడు తన గొంతు తనకు సహజంగా వినిపించడం తెరచిన రకంలోని సౌలభ్యం. క్లోజ్డ్-బ్యాక్ పెట్టుకున్నవారు తెలియకుండా అరుస్తారు.

ఆంప్లిఫయరు ఎప్పుడు అవసరం?

హెడ్‌ఫోను పెట్టె మీద రెండు సంఖ్యలు ఉంటాయి. ఓములలో ఇచ్చేది అవరోధం. డెసిబెళ్ళలో ఇచ్చేది సున్నితత్వం, అనగా 1 మిల్లీవాటు సామర్థ్యం, లేదా 1 వోల్టు అందిస్తే ఎంత ధ్వని వస్తుందో తెలిపే కొలత. ఒక తయారీదారు మిల్లీవాటుకు, మరొకరు వోల్టుకు ఇస్తారు కనుక పోల్చే ముందు ఏది ఇచ్చారో చూడాలి. ఎక్కువ ఓములు ఉంటే ఆంప్లిఫయరు తప్పదని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. రెండు సంఖ్యలనూ కలిపి చూడాలి.

లెక్కకు రెండు సూత్రాలు చాలు. మొదటిది: సామర్థ్యం = వోల్టేజి × వోల్టేజి ÷ అవరోధం. రెండవది: సామర్థ్యం రెట్టింపయితే 3 డెసిబెళ్ళు, పదింతలయితే 10 డెసిబెళ్ళు పెరుగుతాయి. చెవికి ధ్వని రెండింతలు అయినట్లు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి. అంటే ఆంప్లిఫయరు సామర్థ్యం రెట్టింపయినంత మాత్రాన వినికిడిలో తెలిసే తేడా స్వల్పమే.

మూడు రకాల హెడ్‌ఫోనులకు, అతి బిగ్గర క్షణంలో 110 డెసిబెళ్ళు రావాలంటే కావలసినవి ఇలా ఉంటాయి:

- 32 ఓములు, మిల్లీవాటుకు 101 డెసిబెళ్ళు: సుమారు 8 మిల్లీవాట్లు, 0.5 వోల్టు, 16 మిల్లీఆంపియర్లు.
- 60 ఓములు, మిల్లీవాటుకు 93 డెసిబెళ్ళు: 50 మిల్లీవాట్లు, 1.7 వోల్టులు, 29 మిల్లీఆంపియర్లు.
- 300 ఓములు, మిల్లీవాటుకు 97 డెసిబెళ్ళు: 20 మిల్లీవాట్లు, 2.4 వోల్టులు, 8 మిల్లీఆంపియర్లు.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 మూడవ రకానికి, ఏకేజీ కే 701 రెండవ రకానికి, ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500 మొదటి రకానికి దగ్గరగా ఉంటాయి. ఓములు తక్కువగా ఉన్నా రెండవదానికే సామర్థ్యం, విద్యుత్ ప్రవాహం ఎక్కువ కావాలన్నది ఇక్కడ గమనించదగినది. బేయర్‌డైనమిక్ డీటీ 990 నమూనా 32, 250, 600 ఓములలో మూడు రూపాలుగా వచ్చింది. ఫోను, లాప్‌టాప్‌తో వాడేవారికి తక్కువ ఓముల రూపం చాలు.

ఇప్పుడు 110 డెసిబెళ్ళు నిజంగా కావాలా అన్నది చూద్దాం. సగటు 75 డెసిబెళ్ళ వద్ద వింటూ, బిగ్గర క్షణాలు దానికి 20 డెసిబెళ్ళు పైన ఉన్నాయనుకుంటే, కావలసినది 95 డెసిబెళ్ళు. 300 ఓముల హెడ్‌ఫోనుకు కూడా ఇందుకు 1 మిల్లీవాటు కంటే తక్కువ, సుమారు 0.45 వోల్టు సరిపోతుంది. ఫోనుకు తగిలించే చిన్న యూఎస్‌బీ తీగ కూడా చాలా సందర్భాలలో 1 వోల్టు ఇస్తుంది. దానితో అదే హెడ్‌ఫోనులో 102 డెసిబెళ్ళ వరకు వస్తుంది. బాగా నెమ్మదిగా రికార్డయిన శాస్త్రీయ సంగీతం వినేటప్పుడు, రెండవ రకం వంటి తక్కువ సున్నితత్వపు హెడ్‌ఫోను వాడేటప్పుడు, ధ్వనిని చివరంటా పెంచినా చాలనప్పుడు మాత్రమే విడి ఆంప్లిఫయరు అవసరం.

నిర్గమ అవరోధం

ఆంప్లిఫయరుకూ కొంత అంతర్గత అవరోధం ఉంటుంది. దీనిని నిర్గమ అవరోధం అంటారు. హెడ్‌ఫోను అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉండదు కాబట్టి ఇది ముఖ్యం. 32 ఓముల హెడ్‌ఫోను మంద్రంలో ఒకచోట 64 ఓములకు పెరుగుతుందనుకుందాం. నిర్గమ అవరోధం 10 ఓములయితే అక్కడ ధ్వని సుమారు 1.1 డెసిబెల్ ఎక్కువవుతుంది. 1 ఓము అయితే తేడా 0.13 డెసిబెల్ మాత్రమే, అది చెవికి తెలియదు. కనుక నిర్గమ అవరోధం హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదోవంతు మించకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. పాత స్టీరియో రిసీవర్లలో ఇది 100 ఓములు దాటి ఉండడం సాధారణం. వాటికి 300 ఓముల హెడ్‌ఫోనులు కొంతవరకు సరిపోతాయి గాని, 32 ఓములవి సరిపోవు.

ఈ నియమానికి ప్రచారం కల్పించినవారిలో ఎన్‌డబ్ల్యు‌ఏవీగై అన్న మారుపేరుతో రాసిన ఒక ఇంజనీరు ముఖ్యుడు. ఖరీదు ఎక్కువయితేనే మంచి ఆంప్లిఫయరు వస్తుందన్న నమ్మకాన్ని కాదని, 2011లో ఇతడు ఓ2 అన్న ఆంప్లిఫయరు నమూనాను రూపొందించి, కొలతలతో సహా అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో కూడా పనిచేసే ఆ ఆంప్లిఫయరును అనేక చిన్న సంస్థలు తయారుచేసి అమ్మాయి. ఇతడు 2012 తరువాత రాయడం మానేశాడు. అసలు పేరు బయటపడలేదు. ఆ తరువాత చవక ఆంప్లిఫయర్ల నాణ్యత బాగా పెరిగింది.

విద్యుత్తు, గరగర

ధ్వని చాలుతున్నా కంప్యూటరు నుంచి సన్నని రొద, మౌస్ కదిపినప్పుడు కీచుమనే చప్పుడు వస్తుంటే లోపం ఆంప్లిఫయరు శక్తిది కాదు. కంప్యూటరు లోపలి ధ్వని విభాగంలోకి ఇతర భాగాల అలజడి చొరబడుతున్నదని అర్థం. బయట పెట్టే యూఎస్‌బీ డాక్, అనగా అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం, దీనికి మందు. ఏ రొదా లేనివారికి డాక్ వల్ల గణనీయమైన మార్పు ఉండదు.

ఛార్జరు పెట్టినప్పుడు మాత్రమే 'హమ్' అన్న ధ్వని వస్తే ఇంటి ఎర్తింగును అనుమానించాలి. మన దేశంలో విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. ఎర్తింగు సరిగా లేనిచోట 50, 100 హెర్ట్జ్‌ల రొద ఆంప్లిఫయరులోకి వస్తుంది. లాప్‌టాప్ లోహపు అంచు తాకితే చిరు జుమ్మన్నట్లు అనిపించడమూ దీని గుర్తే. మూడు పిన్నుల ప్లగ్గులో మూడవ పిన్నును విరగగొట్టి వాడడం ప్రమాదకరం. ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు సరిచేయించడమే పరిష్కారం. ఛార్జరు తీసి బ్యాటరీ మీద వింటే కారణం తేలిపోతుంది.

కమ్మర్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల నుంచి చాలామంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళారు. అక్కడి నుంచి వచ్చే పరికరాలకు దుబాయిలో వాడే చతురస్రపు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. వోల్టేజి దాదాపు మనదే కనుక తగిన మార్పిడి ప్లగ్గు చాలు. అమెరికా నుంచి తెచ్చిన ఆంప్లిఫయరు మాత్రం 120 వోల్టులకే తయారయినదయితే ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. అడాప్టరు మీద 100-240 వోల్టులు అని ఉంటే భయం లేదు. యూఎస్‌బీతో నడిచేవాటికి ఈ సమస్య రాదు.

వినికిడి భద్రత

చెవి లోపలి కోక్లియాలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెళ్ళ వద్ద 40 గంటలు, పిల్లలు 75 డెసిబెళ్ళ వద్ద 40 గంటలు మించకూడదు. ప్రతి 3 డెసిబెళ్ళకూ ఈ సమయం సగమవుతుంది. పెద్దలకు 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు, 92 వద్ద రెండున్నర గంటలు.

కర్మాగారాలలో ధ్వని వల్ల కలిగే చెవుడు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో తప్పక తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది. కాని, గదిలో హెడ్‌ఫోను పెట్టుకున్నవారిని గమనించేవారు ఎవరూ ఉండరు. చెవికి యంత్రపు రొద, ఇష్టమైన పాట అన్న భేదం లేదు, శక్తి ఎంత, ఎంతసేపు అన్నదే లెక్క. రాత్రి బరాతులో డీజే ముందు గంటసేపు నిలబడినవారు మరునాడు చెవులకు విశ్రాంతి ఇవ్వడం మేలు.

ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోనులో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. హెడ్‌ఫోను స్వతహాగా చెవికి హాని చేయదు. కూలరు, ఫ్యాను, రోడ్డు రొదలను గెలవడానికి పెంచిన ధ్వనే హాని చేస్తుంది. అందుకు శక్తిమంతమైన ఆంప్లిఫయరు తోడయితే హద్దు తెలియకుండా పోతుంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ధ్వని స్థాయిని నిర్ణయించి, ఆ గుర్తును దాటకుండా వాడడం మంచి అలవాటు. విన్న తరువాత చెవుల్లో గుయ్యిమన్నా, మాటలు దూరం నుంచి వచ్చినట్లు అనిపించినా హద్దు దాటినట్లే. మరునాటికి తగ్గకపోతే చెవి వైద్యుని సంప్రదించాలి.

ఎంపిక క్రమం

1. రోజూ వినే సమయంలో, వినే గదిలో రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని రొదను గమనించాలి. గోడ గడియారపు టిక్కు వినిపిస్తే ఓపెన్-బ్యాక్ తగును. వినిపించకపోతే రొదను తగ్గించాలి, లేదా క్లోజ్డ్-బ్యాక్ ఎంచుకోవాలి.
2. ఒకే గదిలో ఇతరులు చదువుతూనో నిద్రిస్తూనో ఉంటే క్లోజ్డ్-బ్యాక్ కొనాలి.
3. తల మీద బిగువు, బరువు, దిండ్ల మెత్తదనం చూడాలి. రెండు గంటలు పెట్టుకోలేని హెడ్‌ఫోను ఎంత బాగా పలికినా ఉపయోగం లేదు. కళ్ళజోడు ఉన్నవారు దానితోనే పరీక్షించాలి.
4. దిండ్లు, తీగ విడిగా దొరుకుతాయో లేదో తెలుసుకోవాలి. ముందు అరిగేవి అవే. తీగ ఊడదీసి మార్చడానికి వీలుంటే పదేళ్ళయినా వాడవచ్చు.
5. అవరోధం, సున్నితత్వం చూసి పైన చెప్పిన లెక్క వేయాలి. ఉన్న ఫోను లేదా కంప్యూటరు చాలితే అక్కడితో ఆగాలి.
6. హెడ్‌ఫోనును ముందు ఉన్న పరికరంతోనే ఒక నెల వాడాలి. ధ్వని చాలకపోతే ఆంప్లిఫయరు, రొద వస్తే డాక్, ఏదీ లేకపోతే ఏదీ వద్దు.
7. కేటాయించిన సొమ్ములో ఎక్కువ భాగం హెడ్‌ఫోనుకే పోవాలి. రెండు మంచి ఆంప్లిఫయర్ల మధ్య తేడా చెవికి అందడం కష్టం, రెండు హెడ్‌ఫోనుల మధ్య తేడా ఎవరికైనా తెలుస్తుంది.